నాలుగింటికి పది నిమిషాలుందనగా

గణపవరం రోడ్డులో ఆటో పల్టీ కొట్టిన రోజున నా కుడిభుజం ఎముక విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ, ఇకమీదట బరువులు మొయ్యొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నా ఉద్యోగమేమో మోతతో కూడుకున్నది. తాడేపల్లిగూడెంలో చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబు ఒకటుంది. పన్నెండేళ్ళుగా అందులో పనిచేస్తున్నాను. వారంలో నాలుగు రోజులు బస్సుల్లో, ఆటోల్లో కొల్లేటి వైపు చెరువులకి వెళ్ళాలి. గట్టు మీదే కూర్చుని నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో చూసి, అక్కడికక్కడే రిపోర్టు రాసి రైతుకీ ల్యాబుకీ పంపాలి. ఒక చేతిలో పరీక్ష సీసాల పెట్టె ఉంటుంది. రెండో భుజానికి ల్యాబువాళ్ళ ల్యాప్‌టాప్ వేలాడుతుంది. అదొక సన్నికల్లు. ఇక దాన్ని మోయలేనని నాకు అర్థమయింది. చిన్నది, తేలికది, నేను కొనగలిగినది ఒకటి సొంతంగా కొనుక్కుందామని ఒక శనివారం ఏలూరు వెళ్ళాను.

మొదట వెళ్ళింది మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపు. అద్దాల తలుపులు, ఏసీ, వరసగా తెరిచి పెట్టిన కొత్త ల్యాప్‌టాప్‌లు.

"ఏ పనికండీ మేడమ్?" అన్నాడు అక్కడి సేల్స్‌మేన్.

"రాసుకోడానికండి. రిపోర్టులు, పట్టికలు, అంతే. సినిమాలు చూడను. భుజానికి తేలిగ్గా ఉండాలి. పొద్దున ఛార్జింగు పెడితే సాయంత్రం దాకా రావాలి. ఎండలో అక్షరాలు కనపడాలి."

మూడోది విని అతను కొంచెం వింతగా చూశాడు. ఎండలో కూర్చుని పనిచేసే ఆడమనిషి అతనికెప్పుడూ తగిలినట్టు లేదు. ముందొకటి చూపించాడు. చవకే, తేలికే. కానీ ఇంటర్నెట్ ఉంటేనే అది నోరు విప్పుతుందట. కొల్లేట్లో సగం చెరువుల మీద ఫోనుకే సిగ్నల్ ఉండదని చెప్పి పక్కన పెట్టించాను. రెండోది అరటాకంత పల్చగా, ఎంతో అందంగా ఉంది. ధర చీటీ చూసి మళ్ళీ ముట్టుకోలేదు. మూడోది నా అందుబాటులోనే ఉంది. దాన్ని తీసుకుని షాపు గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళి నిలబడ్డాను. తెర అద్దంలా మెరిసింది. అందులో నా మొహం, నా వెనక పోతున్న లారీలు, వాటి పైన ఆకాశం కనిపించాయి. అక్షరాలు మాత్రం ఒక్కటీ కనపడలేదు.

అలా ఇంకో రెండు షాపులు తిరిగి, చివరికి ఒక సందులో మేడ మీదున్న సెకండ్‌హ్యాండ్ షాపుకి వెళ్ళాను. గదిలో బల్ల నిండా విప్పిన మిషన్లు. వాటి మధ్య కళ్ళజోడు పెట్టుకున్న ఓనరు కూర్చుని ఉన్నాడు. నెమ్మదైన మనిషి. నేను చెప్పిందంతా విని, బీరువా తెరిచి, బూడిదరంగుది ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పెద్ద సైజు నోటుపుస్తకమంత ఉంది. తెరకి మెరుపు లేదు. ఎండలోకి తీసుకెళ్ళి చూశాను, ప్రతి అక్షరమూ ఆనింది. బరువు కాగితం మీద చదివితే తెలియదని అప్పటికే నాకు అర్థమైంది. అందుకని దాన్ని నా గుడ్డసంచీలో వేసి, ఎడమ భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి సందు చివరిదాకా వెళ్ళి వచ్చాను. భుజం ఏమీ అనలేదు.

"ఇది ఇదివరకు ఎవరిదండీ?" అని అడిగాను.

"ఎవరో ఆడవాళ్ళదేనండి. వాళ్ళ బంధువులెవరో తెచ్చి అమ్మారు. ఎంత జాగ్రత్తగా వాడారో చూడండి, ఒక్క గీతైనా లేదు. లోపలంతా శుభ్రం చేసేశానండి."

గీతలు లేని మాట నిజమే. కీబోర్డు మీద మాత్రం రెండు అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. ఒకటి ఏ, రెండోది కే. ఏ అరగడం మామూలే. కే ఎందుకరిగిందో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించకుండా కొనుక్కుని ఇంటికొచ్చాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటగదిలో గిన్నెలు సర్దుతున్నాను. ముందుగదిలో టింగు టింగు టింగుమని మూడుసార్లు మోగింది. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టుగా ఉంది. మా ఆయనే టీ కోసం కొడుతున్నారనుకుని బయటికొచ్చాను. ఆయన కుర్చీలో నిద్రపోతున్నారు. బల్ల మీద మూతేసి ఉన్న ల్యాప్‌టాప్ తప్ప ఇంకేమీ లేదు. గోడ గడియారంలో నాలుగింటికి పది నిమిషాలుంది.

మర్నాడు ఉంగుటూరు బస్టాపులో సంచీలోంచి మోగింది. పక్కనున్నావిడ తన టిఫిను గిన్నె వైపు చూసుకుంది. ఆ మర్నాడు గణపవరం అవతల చెరువు గట్టు మీద మోగింది. ప్రతిరోజూ అదే వేళకి, నాలుగింటికి పది నిమిషాలుందనగా, మూడే దెబ్బలు. నాకు తెలిసిన చోటల్లా వెతికాను, అలారం ఎక్కడా దొరకలేదు.

"ముందువాళ్ళు ఏదో పెట్టుకుని ఉంటారులే" అన్నారు మా ఆయన.

నాకూ అలాగే అనిపించింది. అయితే ఒక రోజు, మోగే వేళ అయిందని, చెవి దగ్గరగా పెట్టి విన్నాను. మూడో దెబ్బ తర్వాత శబ్దం వెంటనే ఆగిపోవడం లేదు. ఎవరో ఊపిరి లోపలికి తీసుకుంటున్నారు. మాట్లాడబోయే ముందు తీసుకునే ఊపిరి అది. మాట రాకముందే తెగిపోయింది.

ఆ తర్వాత నుంచి ఆ వేళకి నా చేతులు ఎక్కడున్నా ఆగిపోయేవి.

ఇంకొకటి కూడా మొదలైంది. నేను తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి రాస్తాను. ఒక మాట కొట్టగానే, తర్వాత ఏ మాట వస్తుందో మిషనే ఊహించి కింద చిన్న గడిలో చూపిస్తుంది. నా రాతలో ఎక్కువగా వచ్చే మాటలు నీరు, గట్టు, చుక్కలు. పరీక్ష మందుని చుక్కల్లోనే కొలుస్తాం మరి. నేను 'నీరు' అని కొడితే గడిలో 'కారుతోంది' అని వచ్చేది. 'ఎడమ గట్టు' అని రాయబోయి 'ఎడమ' దగ్గర ఆగితే 'కన్ను' అని వచ్చేది. 'అక్కడ' అని మొదలుపెడితే చాలు, పూర్తి కాకుండానే 'అక్కా' అని చూపించేది.

ఒక మిట్టమధ్యాహ్నం ఉంగుటూరు దాటాక ఉన్న చెరువు మీద కూర్చుని ఉన్నాను. ఎండ తెల్లగా కాస్తోంది. గూడబాతులు నీళ్ళ మీద కదలకుండా ఉన్నాయి. అదేం చెబుతుందో పూర్తిగా చూద్దామన్న పాడుబుద్ధి పుట్టింది. 'అక్కా' అని కొట్టి, ఆ పైన నేనేమీ రాయకుండా, గడిలో వచ్చిన మాటనే నొక్కుతూ పోయాను. తెర మీద ఒక వాక్యం తయారైంది.

అక్కా కదలకు కన్ను మూయకు ఇంకొక్క చుక్క అయిపోయింది అక్కా.

చదివి మూత వేసేశాను. దాన్ని తిరిగి ఇచ్చేద్దామని ఆ సాయంత్రమే అనుకున్నాను. కానీ అది చెరువులకి మేత ముమ్మరంగా వేసే కాలం. రోజుకి ఐదారు చెరువులు చూడాల్సి వచ్చేది. ఏలూరు వెళ్ళే తీరిక దొరకలేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అంత తేలికైన వస్తువుకి నా భుజం అలవాటుపడిపోయింది.

ఆ తర్వాతి వారం గుండుగొలను దగ్గర బస్సు దిగి, దక్షిణంగా కొల్లేటి వైపు ఆటోలో వెళ్ళాను. ల్యాబుకి కొత్తగా వచ్చిన చెరువు అది. అంతకుముందు నేనెప్పుడూ అటువైపు వెళ్ళలేదు. రాత్రి వాన కురిసి తెరిపిచ్చింది. ఆకాశం, చెరువు ఒకే రంగులో ఉన్నాయి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. కరెంటు లేక నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. కాపలా మనిషి నాకు చెరువు చూపించి, డీజిలు తెస్తానని సైకిలేసుకుని వెళ్ళాడు. అతని పాక అరుగు మీద కూర్చుని పరీక్షలు చేసి రిపోర్టు రాశాను. ఫోనులో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. పంపే మీట నొక్కి, హైవే ఎక్కాక అదే వెళ్తుందిలే అని పక్కన పెట్టాను.

అంతలో మెయిలు వెళ్ళిపోయినప్పుడు వచ్చే చిన్న శబ్దం వినపడింది. చూస్తే నా రిపోర్టు వెళ్ళిపోయి ఉంది.

తెర మూల వైఫై గుర్తు వెలుగుతోంది. దాని మీద నొక్కితే ఇంగ్లీషు అక్షరాల్లో 'అక్కాచెల్లి' అని పేరు. పక్కన తాళం బొమ్మ. పాస్‌వర్డు ఉన్న కనెక్షన్. నన్ను పాస్‌వర్డు అడగలేదు. జన్మలో ఎప్పుడూ రాని చోట, ఎవరిదో తెలియని ఇంట్లోకి, నా ల్యాప్‌టాప్ తలుపు తీసుకుని తనంతట తనే వెళ్ళిపోయింది.

చుట్టూ చూశాను. ఇల్లనేది కనపడలేదు. గట్టు, కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క, దూరంగా కొబ్బరిచెట్ల వరస. ల్యాప్‌టాప్ తెరిచే పట్టుకుని లేచాను. కొబ్బరిచెట్ల వైపు నడిస్తే గుర్తులో గీతలు పెరిగాయి. ఇటు తిరిగితే తగ్గాయి. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని తెలుసు. అయినా దాన్ని అరచేతుల్లో పళ్ళెంలా పట్టుకుని, అది చూపించిన వైపే గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళాను. చెట్లు దాటేసరికి గీతలన్నీ నిండాయి. ఎదురుగా చిన్న డాబా ఇల్లు, ముందు వరండా.

వరండాలో డెబ్బై ఏళ్ళావిడ తెల్ల నేత చీరలో కుర్చీలో కూర్చుని ఉంది. మొహం నావైపు కాకుండా గోడవైపు ఉంది.

"ఎవరమ్మా? నడక కొత్తగా ఉంది" అంది, అటు తిరిగే.

"చెరువు నీళ్ళు పరీక్ష చేసేదాన్నండి, అమ్మగారూ. మీ వైఫై నా ల్యాప్‌టాప్‌కి దానంతటదే తగులుకుందండి. అడక్కుండా వాడుకున్నట్టయింది. చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆవిడ కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

"ఎలా తగులుకుంటుందమ్మా? దానికి పాస్‌వర్డుంది. ఈ ఇంట్లో అది నాక్కూడా తెలీదు. మా చెల్లెలికొక్కదానికే తెలుసు."

"మీ చెల్లెలుగారు ఇంట్లో ఉన్నారా అండి?"

"లేదమ్మా. పోయినేడు వానాకాలంలో ప్రభువు పిలుచుకున్నాడు."

నా చేతుల్లో ల్యాప్‌టాప్ ఉంది. ఆవిడే కూర్చోమంది. తను చర్చివాళ్ళ మిషను హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయిందట. చెల్లెలు టీచరుగా చేసి, తర్వాత ఇంట్లోనే ఉండి బళ్ళకి పరీక్ష పేపర్లు టైపు చేసి పంపేదట. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆవిడ కళ్ళకి నీటికాసుల జబ్బు, గ్లకోమా అంటారే అది. రోజూ చుక్కల మందు పడాలి. చెల్లెలే వేసేది. ఇవన్నీ ఆవిడ గోడకేసి చూస్తూ చెబుతోంది. నేను వింటున్నాను. నీటికాసులు, చుక్కలు అన్న మాటలు వినపడగానే ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూశాను. అరిగిపోయిన ఏ, కే అక్షరాలు అప్పుడు గుర్తొచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో 'అక్క' అని రాయడానికి ఆ రెండే చాలు.

ల్యాప్‌టాప్ సంగతి ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటూ ఉండగానే నా ఒళ్ళో అది మోగింది. టింగు టింగు టింగు. ఆ తర్వాత ఊపిరి.

ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకోలేదు, చేతులు చాచి తడుముకోలేదు. తిన్నగా నాలుగడుగులు వేసి, వరండా చివర ఉన్న మడతమంచం మీద వెల్లకిలా పడుకుంది. తల వెనక్కి వాల్చింది. రెండు వేళ్ళతో ఎడమ కంటి రెప్పలు విడదీసి పట్టుకుంది. ఆ కంట్లో నల్లగుడ్డు మీద పాలపొరలా ఉంది.

"వెయ్యి" అంది.

నేను కదల్లేదు.

"వెయ్యవే. చెయ్యి లాగుతోంది."

పారిపోదామనిపించింది. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. కిటికీ గట్టు మీద చిన్న మందు సీసా కనపడింది. తీసి చూశాను. అడుగున మందు ఎండి తెల్లగా అట్టకట్టి ఉంది. దాన్ని అక్కడే పెట్టి, మంచం దగ్గరకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, రెప్పలు పట్టుకున్న ఆవిడ చేతిని మెల్లిగా కిందికి దించాను.

"నేను మీ చెల్లెల్ని కానండి, అమ్మగారూ."

"తెలుసమ్మా" అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. "అది వస్తే గాజులు ముందు వినపడతాయి. తెలిసే పడుకున్నాను. ఆ గంట వినపడ్డాక నా ఒళ్ళు నా మాట వినలేదు."

అప్పుడు అంతా చెప్పాను. ఏలూరులో కొనడం, గంట, ఊపిరి, గడిలో వచ్చిన మాటలు. ఆవిడ లేచి కూర్చుని విన్నది. ఏడవలేదు.

"గ్లాసు మీద చెంచాతో కొట్టి పిలిచేదమ్మా నన్ను. పిలిచి పిలిచి గొంతు పోతోందని ఆ చప్పుడు అందులో పట్టి పెట్టింది. 'అక్కా, రా' అనేది దాని తర్వాత. ఆ మాట పడలేదు కాబోలు, ఊపిరే పడింది. చుక్కలు వేశాక నేనేమన్నానో, అదేమందో రోజూ రాసుకునేది. డాక్టరుగారు రాయమన్నారని. అది పోయాక మా పినతల్లి కొడుకు వచ్చి సామానులు సర్దాడు. చూపు లేనిదాన్ని, ఇదెందుకు నాకు, అమ్మెయ్యరా అన్నాను. గంట కూడా అందులోనే ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదమ్మా. గంట ఇంట్లోదనుకున్నాను."

మళ్ళీ తనే అడిగింది. "రోజూ మోగుతోందా?"

"రోజూనండి."

"ఎక్కడెక్కడ విన్నావు?"

మా వంటగది, ఉంగుటూరు బస్టాపు, గణపవరం చెరువు గట్టు అన్నీ చెప్పాను. ఆవిడ ఒక్కో పేరుకీ తల ఊపింది.

"ఎన్ని ఊళ్ళు తిరిగి పిలిచిందో చూడు. నేనేమో ఇక్కడే ఉన్నాను" అంది.

మనిషి పోయినా ఆ వైఫై ఎందుకు ఉంచారో అడిగాను. గదిలో చీకటి మూలకి వేలు చూపించింది. అక్కడ బీరువా మీద వైఫై డబ్బా, దానికి ఆకుపచ్చ దీపం. దానికీ ఫ్యానుకీ చెల్లెలు ఇన్వర్టరు పెట్టించి పోయిందట. "నాకు మిగిలిన చూపుకి ఆనేది అదొక్కటేనమ్మా. పొద్దున లేవగానే అది కనపడిందా లేదా అని చూసుకుంటాను. కనపడినన్నాళ్ళూ కళ్ళున్నట్టు లెక్క." కొంచెం ఆగి, "ఈ నెలలో రెండు పొద్దులు కనపడలేదు" అంది.

ఆ మాటతో నాలో భయం పోయి కంగారు పట్టుకుంది. ఏడాదిగా ఆ కళ్ళలో మందు పడలేదు. ఎవరూ వేసేవారు లేరు, ఆవిడ ఎవరినీ అడగలేదు. మర్నాడు సెలవు పెట్టి ఆటో మాట్లాడుకుని వచ్చి, ఆవిడని ఏలూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎడమ కన్ను పూర్తిగా పోయిందన్నారు. కుడి కంట్లో మధ్యన సన్నటి సందులాగా కొంచెం చూపు ఉందన్నారు.

"గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందండి ఆవిడకి. మందు పడితే ఆ కాస్తా నిలుస్తుంది. పడకపోతే కొన్ని నెలలు, అంతే. ఇన్నాళ్ళూ ఏం చేశారండీ మీరు?" అని డాక్టరుగారు నన్ను కోప్పడ్డారు. నన్ను చెల్లెలనుకున్నారు. నేను కాదనలేదు.

ఆవిణ్ణి ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ పట్టుకుని సెకండ్‌హ్యాండ్ షాపు మెట్లెక్కాను. శుభ్రం చేశానన్నారు కదండీ అని అడిగితే ఓనరు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఫైళ్ళన్నీ తీసేశానండి. పేరు మార్చాను. మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించలేదండి. పాత వైఫైలు, ఇలాంటివి అందుకే ఉండిపోయాయి. తప్పు నాదేనండి." అంటూనే ఏవో తెరలు తెరిచి వెతికాడు. చివరికి దొరికింది. రోజూ మూడు యాభైకి మిషను నిద్ర లేచి ఒక శబ్దం వినిపించి మళ్ళీ పడుకునేలా పెట్టిన ఏర్పాటు. దానికి పెట్టిన పేరు 'అక్క'.

"అరగంట కూర్చోండి, మొత్తం చెరిపేసి ఇస్తాను" అని వేలు మీట మీద పెట్టాడు.

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. అతను చెయ్యి తీసేశాడు.

దాన్ని అలాగే ఉంచి, నాకు వేరేది చూడమన్నాను. ఈసారి కొనడం వేరేగా సాగింది. బరువు చూశాను, ఎండలో తెర చూశాను, ఛార్జింగు అడిగాను. ఆ తర్వాత, లోపలున్నదంతా నా కళ్ళెదుటే చెరిపి మళ్ళీ ఎక్కించమన్నాను. గంటన్నర పట్టింది. ఎవరి మాటలూ లేని ఖాళీ మిషను చేతికొచ్చింది. ముందుదాని కన్నా కాస్త బరువే. 'నీరు' అని కొట్టి చూశాను. గడిలో ఏమీ రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను. కొంచెం దిగులుగా కూడా అనిపించిందని చెబితే నమ్ముతారో లేదో.

అప్పటికే ఆవిణ్ణి అక్కగారని పిలవసాగాను. పాతదాన్ని ఆవిడ వరండాలో, మంచం పక్కనున్న బల్ల మీద పెట్టి, ఛార్జింగుకి తగిలించాను. కాపలా మనిషి భార్యతో మాట్లాడాను. నలభై ఏళ్ళ మనిషి, చెరువు మీద మేత బస్తాలు కడుతుంది. ఆ వేళకి అక్కగారి ఇంటి దగ్గరుండి, గంట వినపడగానే చుక్కలు వెయ్యాలి, అంతే పని.

"ఆ మాత్రానికేముందండీ, వేస్తాను. పెద్దావిడకి మందు పడట్లేదని మాకు తెలీనే తెలీదండి. ఎప్పుడూ ఏమీ అడగరు కదండీ" అంది.

అలా నాలుగు నెలలు నడిచింది. కార్తీకంలో తుఫాను వచ్చింది. మూడు రోజులు కరెంటు లేదు, రోడ్డు మీద నీళ్ళు. నాలుగో రోజు ట్రాక్టరు మీద ఆ చెరువు దగ్గరకి వెళ్ళాను. ముందు అక్కగారి ఇంటికే పోయాను. ఇన్వర్టరు ఎప్పుడో దిగిపోయింది. ల్యాప్‌టాప్ మూత తెరిచి మీట నొక్కాను, చచ్చిపోయి ఉంది.

"మందు ఆగిపోయిందా?" అని అడిగాను భయంగా.

"ఎందుకాగుతుందండీ? మూడు రోజులూ వేశాను. గంట వినపడింది కదా" అంది కాపలా మనిషి భార్య.

"ఇందులో ఛార్జింగే లేదమ్మా."

ఆమె నన్నూ ఆ బల్లనూ మార్చి మార్చి చూసింది. "వినపడిందండి. గాలికి రేకులు కొట్టుకుంటుంటే కూడా వినపడింది. మూడు దెబ్బలు. ఆవిడే కొట్టారేమో మరి."

అక్కగారు మంచం మీద కూర్చుని ఉంది. ఆవిణ్ణి అడిగాను. "నేనెందుకు కొడతానమ్మా? గంట వినపడింది, వచ్చి పడుకున్నాను" అంది.

ఇల్లంతా ఒకసారి చూశాను. గ్లాసులు వంటగదిలో బోర్లించి ఉన్నాయి, చెంచాలు డబ్బాలో ఉన్నాయి. ఇంకేమీ అడగలేదు. ఇవాళ్టికీ దాని గురించి నాకు తెలిసింది అంతే.

ఆ తుఫానుకి కాపలావాళ్ళ పాక నీళ్ళలో కూలిపోయింది. భార్యాభర్తలిద్దరూ తడిసిన బట్టలు, నాలుగు గిన్నెలు తెచ్చుకుని అక్కగారి వరండాలో సర్దుకున్నారు. నీళ్ళు తీశాక పాక మళ్ళీ వేసుకుంటామన్నారు. వేసుకోలేదు. అక్కగారు వెళ్ళమనలేదు. ఇప్పుడు ఆ వంటగదిలో చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర ఆడవాళ్ళిద్దరూ పోట్లాడుకుంటూ ఉంటారు. కుడి కన్ను అలాగే నిలిచిందని మొన్న డాక్టరుగారు చెప్పారు.

ఈమధ్య అక్కగారు ఆమెని చెల్లెలి పేరు పెట్టి పిలుస్తోంది. మతిమరుపు కాదు. మిగిలిన సంగతులన్నీ చక్కగా గుర్తున్నాయి. మొన్న నేను వెళ్ళినప్పుడు కూడా లోపలి నుంచి ఆ పేరుతోనే పిలిచింది. కాపలా మనిషి భార్య చేపలు తోముతూ తల ఎత్తకుండానే "ఆఁ, వస్తున్నానక్కా" అంది.

"నీకేమీ అనిపించదా అమ్మా, పోయినవాళ్ళ పేరుకి పలుకుతున్నావు?" అని మెల్లిగా అడిగాను.

చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, గాజులు మోచేతి మీంచి కిందికి లాక్కుంది.

"మొదట్లో ఒళ్ళు జలదరించేదండి. ఇప్పుడు, ఆ పేరుతో పిలవకపోతే నన్ను కాదేమో అనుకుంటున్నాను" అని లోపలికి వెళ్ళింది.